క్వీ మేష్టారి విరగని సంఖ్య

నామ్‌దిన్ పట్నంలో క్వీ మేష్టారికి లెక్కలు తప్ప లోకం తెలియదు. పొయ్యి మీద టీనీళ్ళు మరిచిపోతారు, సైకిల్ ఎక్కడ పెట్టారో మరిచిపోతారు. పిల్లల్ని మాత్రం ఒక్కణ్ణీ మరిచిపోలేదు, పిచ్చి మారాజు. బడి విడిచి వెళ్ళే ప్రతి తరగతికీ ఆఖరి రోజున ఒక పెద్ద ప్రధాన సంఖ్యను బోర్డు మీద రాసి ఇచ్చేవారు. రాత్రీ పగలూ చేత్తో భాగించి చూసి పట్టుకున్న సంఖ్యలవి.

"దీన్ని ఎవడూ విరగ్గొట్టలేడు. మీరూ ఇలాగే ఉండండర్రా!" అనేవారు.

ఒక తరగతికి 1022117 ఇచ్చారు. అందులోని తోవా, హువాన్ పెళ్ళి చేసుకుంటూ ఉంగరాల లోపల ఆ సంఖ్యే చెక్కించుకున్నారు. ఆ సంగతి మేష్టారు వీధిలో కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయారు.

ఈ ఏడు చలి మొదలయ్యాక, ఉబుసుపోక, పాత సంఖ్యలను రెండు వర్గాల మొత్తంగా రాస్తూ కూర్చున్నారు. నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్య అలా ఒకే ఒక్క తీరున కుదురుతుంది. తోవా వాళ్ళ సంఖ్యకు 961 వర్గం, 314 వర్గం కుదిరాయి. కాసేపటికి 974 వర్గం, 271 వర్గం కూడా కుదిరాయి. మేష్టారి చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. రెండు తీరుల కుదిరిందంటే అది ప్రధాన సంఖ్య కానే కాదు!

తప్పెక్కడో వెతికితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పట్లో వెయ్యి లోపలి ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి, ఇల్లలకగానే పండగనుకున్నారు. ఇంకొక్క సంఖ్య, 1009, చూసి ఉంటే అప్పుడే విరిగేది. ఉంగరాలు తలచుకుంటే ఆయనకు అన్నం సయించలేదు. చెబితే ఆ పిల్లల మనసు విరుగుతుందని భయం, దాస్తే లెక్కల మేష్టారే కాదు.

అక్కడ నవంబరులో వచ్చే ఉపాధ్యాయుల దినం నాడు దంపతులిద్దరూ పూలు, వేరుశనగ అచ్చుల పొట్లం పట్టుకుని గుమ్మంలోనే పోట్లాడుకుంటూ వచ్చారు.

"ఈయన దారిలో వచ్చుంటే రేపటికి చేరేవాళ్ళం మేష్టారూ!"

"నీ దారిలో బురద తప్ప ఏముంది?"

"కూర్చోండమ్మా," అన్నారు మేష్టారు. "మీ ఇద్దరికీ కల్తీ సరుకు అంటగట్టాను." అని జరిగిందంతా చెప్పారు.

తోవా ఉంగరం తీసి లోపలికి చూసింది. "ఎలా విరిగింది మేష్టారూ?"

"వెయ్యీ తొమ్మిదిని వెయ్యీ పదమూడుతో గుణిస్తే వస్తుందమ్మా."

"మరి ఆ రెండూ విరుగుతాయా?"

"విరగవు. ఈసారి చివరిదాకా చూశాను."

తోవా మొగుణ్ణి చూసి పకపకా నవ్వింది. "ఇప్పుడు కదా మాకు సరిపోయింది! మా ఇంట్లో ఈయనా విరగడు, నేనూ విరగను. అయినా కాపురం సాగడం లేదూ?"

మేష్టారు ఇద్దరి చేతులూ పట్టుకున్నారు. కళ్ళద్దాలు మసకబారాయి.

"అయితే ఆ రెండు సంఖ్యల్లో పెద్దది నాదే," అన్నాడు హువాన్.

"కలలో!" అంది తోవా, ఉంగరం మళ్ళీ వేలికి తొడుక్కుంటూ.