ధర్మవరంలో కన్ను పెట్టని నెమలి

మా పని గోడలకు బొమ్మలు వేయడం. అంగన్‌వాడీల్లో పిల్లలు అక్షరాలు దిద్దే గోడలుంటాయే, అవే మా పొలాలు. గీతలు శకుంతలక్కవి, రంగులు నావి. హిందూపురంలో ఇద్దరిదీ ఒకే వీధి. పోయినసారి జిల్లాలోని అంగన్‌వాడీ గోడలకు టెండరు పిలిస్తే మేమూ వేశాం. చేసిన పని కనీసం మూడేళ్ళు నిలిచిందనడానికి ఆధారాలు లేవని మొదటి మెట్టులోనే పక్కన పెట్టారు. ఎలా ఉంటాయి? తడి ఆరని బొమ్మకు ఫొటో తీస్తే దిష్టి తగులుతుందని అక్క నన్ను ఫోను బయటికి తీయనివ్వదు. ఇప్పుడు మళ్ళీ టెండరు పిలిచారు. ఈసారీ రాకపోతే అక్క బెంగళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది, అక్కడ గది కూడా మాట్లాడుకుంది. నాకు గీత గీయడం రాదు. అక్క వెళ్తే నా రంగులు డబ్బాల్లోనే గడ్డకడతాయి. ఆ భయంతోనే పాత గోడల్ని వెతుక్కుంటూ ఇద్దరం బయల్దేరాం. ఇలాంటి పనిమీద ఈ దారిన తిరగబోయేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

హిందూపురం నుంచి పెనుకొండకు తెల్లవారుతూనే బస్సులుంటాయి, గంట పైచిలుకు ప్రయాణం. ఇప్పుడు ఆడవాళ్ళకు పల్లెవెలుగులో ఛార్జీ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఆ రోజు మంచు ఎంత దట్టంగా ఉందంటే, కిటికీ బయట లోకానికి ఇంకా రంగులు వేయలేదేమో అనిపించింది. ముందు ఒక చింతచెట్టు కొస, తర్వాత గొర్రెల మంద, ఆ తర్వాత ఎవరిదో ఎర్ర తువ్వాలు ఒక్కొక్కటే తేలి వచ్చాయి. నేను అర నిద్రలో వాటికి రంగులు కలుపుతూ కూర్చున్నాను. పెనుకొండ రాగానే కొండ మాత్రం ఒక్కసారిగా ఎదురు నిలబడింది. బస్టాండు పక్కన బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఇద్దరికీ కలిపి నూరు రూపాయలు కాలేదు.

అక్కడి అంగన్‌వాడీలో మేం వేసిన మామిడితోట ఉండాలి. వెళ్ళి చూస్తే గోడంతా తెల్లటి టైల్స్. ఊడుస్తున్న ఆయా మమ్మల్ని గుర్తుపట్టింది.

"ఆ గోడ యాడుండాదమ్మా? చెమ్మ పట్టిందని కొట్టేసి కొత్తది కట్టినారు" అంది.

అక్క మెట్టు మీద కూలబడి కొండకేసి చూసింది. "కోటగోడలు ఇన్ని తరాలు నిలబడినాయి. మన గోడ మూడేండ్లు నిలబడల్యా. గదికి అడ్వాన్సు పంపిస్తా మే" అంది. నాకు ఏడుపొచ్చింది. మేం నెమలి వేసిన గోడ ఇంకొకటి ఉంది కదా, సాయంత్రం దాకా ఆగమని బతిమాలి, ధర్మవరం బస్సెక్కించాను.

గంటన్నర దారి. మంచు విడిపోయి వేరుశనగ చేల మీద ఎండ పరుచుకుంది. ధర్మవరంలో దిగి ఆటోను ఆపాను.

"ఏమప్పా, మగ్గాల వీధి అంగన్‌వాడీకి వస్తావా?"

"నెమలి గోడ కాడికే కదక్కా? ఎక్కండి. మనిషికి ఇరవై" అన్నాడు.

మా నెమలి ఊళ్ళో అడ్రసైపోయిందన్నమాట. అక్క మొహంలో ఆ రోజు మొదటిసారి నవ్వు కనిపించింది.

ఆ వీధిలో ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు వస్తూ ఉంటుంది. కాసేపటికి మన నడక కూడా ఆ లయలో పడిపోతుంది. మలుపు తిరగ్గానే నెమలి కనిపించింది. నీలం ఎక్కడా పొడి రాలలేదు. దగ్గరికి వెళ్ళాక అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కన్ను ఉండాల్సిన చోట కన్ను లేదు. కుంకుమ, పొర మీద పొరగా, బొటనవేలంత మందాన ఉంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. అంతా అయ్యాక, చిట్టచివరన కన్ను పెడతాం. అప్పుడే బొమ్మకు ప్రాణం వస్తుంది.

"నువ్వు పెట్టినావనుకుంటి" అంది అక్క.

"నువ్వు పెట్టావనుకున్నాను" అన్నాను.

ఎదురింట్లో మగ్గం ఆగింది. నాగలక్ష్మి అనే ఆవిడ, ఆమె అత్త బయటికొచ్చారు. మేమెవరమో, ఎందుకొచ్చామో చెప్పాం. ఈ గోడ మూడేళ్ళ పైబడి ఇలాగే ఉందని ఎలా రుజువు చేయాలో తెలియడం లేదన్నాం.

"అదేం పెద్ద పని?" అంటూ నాగలక్ష్మి ఫోను తెచ్చింది. ఆమె పెద్దకూతురు ఈ అంగన్‌వాడీలో చేరిన రోజు ఫొటో. పాప నుదుట బొట్టు, వెనక నెమలి, కన్ను ఉండాల్సిన చోట కుంకుమ పెడుతున్న వేలు. తర్వాత రెండో కూతురు, ఆ తర్వాత కొడుకు. దిష్టి తగలకూడదని మొదటి రోజు తల్లి బిడ్డకు బొట్టు పెట్టి, అదే వేలితో నెమలికీ పెడుతుండగా ఫొటో తీస్తారట. వీధంతా అంతేనట. కాసేపట్లో చుట్టుపక్కల తల్లులంతా ఫోన్లు పట్టుకొచ్చారు. ప్రతి ఫొటోకూ తేదీ ఉంది. ఏటేటా పిల్లలు మారారు గానీ మా నీలం మారలేదు. పిల్లల ముఖాలు కనబడకుండా కత్తిరించి వాడుకుంటామని అడిగితే సరేనన్నారు. కత్తిరించాక ప్రతి దాంట్లోనూ నెమలి, దాని కంటి మీద ఒక తల్లి వేలు మిగిలాయి.

అక్క సంచిలోంచి సన్న కుంచె, నల్లరంగు తీసింది. "ఈ మిగిలిన పని మాది. పూర్తి చేసి పోతాం" అంది.

నాగలక్ష్మి అత్త అడ్డం నిలబడింది. "వద్దు తల్లీ. మా చిన్నకొడుకు కూతురు వచ్చే జూన్‌లో చేరల్ల. మీరు కన్ను పెట్టిపోతే దాని తల్లి బొట్టు యాడ పెట్టల్ల?"

అక్క కుంచెను తుడిచింది. నల్లరంగుతో పాటు మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం రైల్లో తిరిగొచ్చాం. కన్ను లేదని పని పూర్తికాలేదంటారేమోనని భయపడుతూనే ఆ ఫొటోలన్నీ టెండరు కాగితాలకు జతచేశాం. ఆధారాలు సరిపోయాయని కబురొచ్చింది. ఎవరు తక్కువకు చేస్తారో తేల్చే ధరల కవర్లు ఇంకా తెరవలేదు, పని మాకు వస్తుందో రాదో తెలియదు. ఇన్నేళ్ళూ మేం దిష్టికి భయపడి బొమ్మల్ని దాచుకుంటుంటే, ఆ వీధి తల్లులు తమ బిడ్డలతో పాటు మా బొమ్మకూ దిష్టి తగలకుండా చూసుకున్నారు. ఈ కబురు రాకముందే, ఆ సాయంత్రం రైల్లోనే అక్క బెంగళూరులో గది చూసిపెట్టిన పిల్లకు ఫోన్ చేసింది. "గది వేరేవాళ్ళకిచ్చెయ్ పాపా. జూన్‌లో నాకు ధర్మవరంలో పనుండాది" అంది.

చివరగా ఒక్క సలహా. మీ పాత పనికి ఆధారాలు కావాలంటే, ముందు ఆ గోడకు ఎదురింటి తలుపు తట్టండి. పొద్దున, పిల్లల్ని దింపే వేళకు వెళ్ళండి.