తెల్లటి రెట్ట

పాములా ఉండే మలుగు చేప పిల్లల రెట్ట చూసి వాటి కడుపు సంగతి చెప్పగలవాడు ఇష్షికి ఊరి పెంపకం చెరువుల్లో తోకుజీ ఒక్కడే. సముద్రం నుంచి పట్టుకొచ్చిన గాజులాంటి పిల్లలకు మొదట ఎర్ర పురుగులే పెట్టాలి. పిండి మేతను అరిగించే రసాలు వాటి కడుపులో ఇంకా ఊరవు. చిటికెడు పిండి వేసి చూస్తే రెట్ట తెల్లగా తేలుతుంది. అది ముదురు రంగుకు తిరిగాకే పిండి పెంచాలి. ముప్పై ఏళ్లుగా తోకుజీ ఇందులో తప్పలేదు.

పోయిన శీతాకాలం తప్పాడు. చన్నీళ్లలో పురుగులు కడిగి కడిగి వేళ్లు కొంకర్లు పోయాయి. చేతి తొడుగులు వేసుకోవచ్చుగా అంటే చిన్నతనం ఆయనగారికి! ఆ ఉదయం రెట్ట తెల్లగానే ఉంది. చూశాడు. చూసి కూడా, మేత కలిపే మియోకోతో "ఇక పురుగులు చాల్లే, పిండి వేసెయ్" అన్నాడు.

మూడో రోజుకు పిల్లలు పొట్టలుబ్బి వేలల్లో తేలాయి. యజమాని ఒరిబె మండిపడ్డాడు.

"పిండి ఎలా కలిపావమ్మా నువ్వు?"

మియోకో తోకుజీ వైపు చూసింది. అతను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. మర్నాటి నుంచి ఆమెను పెట్టెలు కట్టే షెడ్డులో పడేశారు.

చనిపోయిన మలుగుల కోసం ఏటా చెరువుగట్టున మంత్రాలు చదివిస్తారు. ఈసారి ధూపం వేస్తూ మియోకో గొణగడం పక్కనున్న తోకుజీకి వినబడింది.

"తప్పయిపోయింది, మన్నించండి. నా చేతులు మంచివి కావు."

ఇక తట్టుకోలేకపోయాడు.

"మియోకో, ఆ రోజు రెట్ట తెల్లగానే ఉంది. చలికి ఓర్చలేక వేసెయ్యమన్నాను. నీ తప్పేం లేదు."

"ఊరుకో అన్నా. నీ చూపు తప్పుతుందా? నన్ను ఓదార్చడానికి అంటున్నావు."

"చూపు తప్పలేదు. బుద్ధి తప్పింది. నోరు మూసుకుని నిన్ను బలి చేశాను."

వెనకే ఉన్న ఒరిబె అంతా విన్నాడు. తోకుజీ మొహం చూడకుండా, "రేపట్నుంచి చెరువు దగ్గరికే రామ్మా" అన్నాడు మియోకోతో.

ఆమె తోకుజీ వైపే తిరిగింది. అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"ఏడాది కావస్తోందన్నా, మా మనవరాలికి ఈ చేతుల్తో అన్నం ముద్ద చుట్టి పెట్టి. పిల్లకేమైనా అవుతుందేమోనని కొట్లో కొని పెడుతున్నా."