బుడగ తామర అన్న పాపానికి

రేపు పొద్దుగాల అందరు తలా ఓ మాట అడుగుతరు. అందుకే ఇప్పుడే స్టాఫ్ రూం బోర్డు మీద రాసిపెడుతున్న.

మన బడి తోటల నీళ్ల హౌజును గుర్రపు డెక్క కమ్మేసింది. ఏటూరునాగారం నుంచి బస్సుల బకెట్ల పెట్టుకొని తెచ్చిన నా తామరకు మూడేండ్లకు మొన్ననే మొదటి మొగ్గ వచ్చింది. ఇయ్యాల తోటపని చేసే మల్లవ్వకు, గుర్రపు డెక్కకు రేడియోల విన్న పేరు పట్టుకొని, "బుడగ తామర మొత్తం పీకెయ్యి" అని చెప్పి క్లాసుకు పోయిన.

మధ్యాహ్నం వచ్చి చూస్తే నా తామర దుంపలతో, మొగ్గతో సహా గట్టు మీద ఎండుతాంది. గుర్రపు డెక్క నీళ్లల్ల ఊదాపూలతోని కులుకుతాంది.

"ఎంత పని చేసినవ్ అవ్వా!"

"నువ్వే గద సారు తామర పీకుమన్నవ్? గుర్రపు డెక్క అంటే గదే పీకేదాన్ని. జర మాకెరికైన మాటల చెప్పరాదు?"

మా ఇంట్ల గూడ దాన్ని గుర్రపు డెక్కనే అంటం.

నవ్వెటోళ్లు నవ్వుండ్రి. గానీ మన క్లాసులల్ల ఇట్ల ఎన్ని మొగ్గలు గట్టున పడుతున్నయో, జర అది గూడ ఈ బోర్డు మీదనే రాయుండ్రి.