గునపం దిగని రోజులు

మా ఇంట్లో టెలిఫోను ఉండేది. మా నాన్న ఉద్యోగం అలాంటిది. హైదరాబాదులో మా వీధి మొత్తానికీ అదొక్కటే కాబట్టి ఎవరికి కబురొచ్చినా నేనే ఎత్తేవాణ్ణి, నేనే పరిగెత్తుకెళ్లి చెప్పేవాణ్ణి. కాలేజీకొచ్చాక స్నేహితులతో గంటలకొద్దీ మాట్లాడి తిట్లు తిన్నాను. రిసీవరు నా చెవికే మొలిచిందని మా అమ్మ అనేది. అలాంటివాణ్ణి, నేను పరిశోధనకి చేరిన ఫిజిక్సు సారు తీసుకెళ్లి చీపురుపల్లి దాటాక ఒక మాంగనీసు కొండలో, పనికిరాదని వదిలేసిన సొరంగంలో కూర్చోబెట్టి చేతికి ఫీల్డు టెలిఫోను ఇచ్చారు. దాని అవతలి కొస బయట రేకుల షెడ్డులో ఉండేది. నేను హ్యాండిల్ తిప్పితే అక్కడ గంట మోగేది. లోపల అంకెలు చూసి నేను చెప్పాలి, బయట సారు రాసుకోవాలి. రోజంతా అదే మాట్లాడటం. అంకెలు తప్ప ఇంకో మాట లేదు.

సూర్యుడి కడుపులో న్యూట్రినో అని ఒక కణం పుడుతుంది. దానికి ఏదీ అడ్డు కాదు. కొండలోంచి, మనలోంచి, మొత్తం భూమిలోంచే దూసుకుపోతుంది. ఎప్పుడో ఒకటి దేనికైనా తగులుతుంది. అది కనిపెట్టాలంటే మిగతా కణాల రొద లేని చోటు కావాలి. ఆకాశం నుంచి కురిసే కాస్మిక్ కిరణాలు ఆ కొండ లోపలికి ఎంత దిగుతున్నాయో కౌంటరు గొట్టాలు అమర్చిన పెట్టెతో కొలవడం మా పని. అంటే న్యూట్రినోని మేం పట్టడం లేదు. దాన్ని పట్టడానికి కూర్చోగల చోటు ఇదేనా అని చూస్తున్నామంతే. అమెరికాలో ఏదో గని అడుగున పెద్ద తొట్టె నిండా బట్టలు శుభ్రం చేసే మందు పోసి వెతికితే, లెక్క ప్రకారం రావలసినన్ని దొరకలేదని అప్పుడే వార్త వచ్చింది. సారుకి అదే ధ్యాస. ఆ కౌంటరు గొట్టాలనే కాస్త మార్చి, చిన్న రాకెట్టు ముక్కులో పెట్టి పైకి పంపాలని కూడా ఆయన ఆలోచన. నాకు రాకెట్టు పని మీద ఆశ. నన్ను కొండ కిందకి పంపారు.

సొరంగంలో నిలబడితే తల తగిలేది. గోడలు నల్లగా, ముట్టుకుంటే చేతికి మసి అంటేది. దీపం పొగకి కళ్లు మండేవి. మధ్యలో ఒక చోట పైకి సన్నటి గాలి బిలం ఉండేది, చెయ్యి పట్టేంత. దాని కింద నిలబడి ముఖం పైకెత్తి ఊపిరి తీసుకునేవాణ్ణి. ఫోనులో సారు మీద విసుక్కునేవాణ్ణి. బయటికొచ్చి అందరి మీదా విసుక్కునేవాణ్ణి.

సొరంగం దూలాలు చూసుకోడానికీ, వానొస్తే దాని నోటి పైనున్న కాలవలో మట్టి తోడి నీళ్లు పక్కకి మళ్లించడానికీ ఒక కూలీల జట్టు ఉండేది. ఇచ్ఛాపురం అవతలి పల్లెల వాళ్లు. జట్టుకి ముసలి మేస్త్రీ పెద్ద. ఆయన భార్య తట్టలు మోసే ఆడవాళ్లకి పెద్ద. తొలకరి పడగానే వాళ్లు పని ఆపేశారు. రజో పండగట. మూడు రోజులు భూమితల్లి ముట్టులో ఉంటుందట. దుక్కి దున్నకూడదు, మట్టిలో పారా గునపం దించకూడదు. ఆడవాళ్లకి ఏ పనీ ఉండదు. ఉయ్యాలలు కట్టుకుని ఊగుతారు. మా షెడ్డు దూలానికే తాడు వేసి ఉయ్యాల కట్టారు. నేను వాళ్ల మీద మండిపడ్డాను. ప్రయోగం మధ్యలో ఈ ఊగులాట ఏమిటన్నాను. ఇయ్యాల్టికి నువ్వు కూడా లోపలికి ఎల్లకు బాబూ అని మేస్త్రీ అన్నాడు. సారు బ్యాటరీలు ఛార్జి చేయించడానికి విజయనగరం వెళ్లారు. ఆయన వచ్చేసరికి అంకెలు చూపించాలని నేను లోపలికి వెళ్లాను.

వాన మొదలైన సంగతి లోపల తెలియదు. గాలి బిలంలోంచి నీళ్లు కారుతుంటే తెలిసింది. లేచి బయటికి నడుస్తుండగా ముందు ఒక మెత్తటి చప్పుడు, తరువాత చెవులు దిమ్మెక్కే చప్పుడు. దీపం ఆరిపోయింది. టార్చి వేసి చూస్తే సొరంగం నోరు ఉండాల్సిన చోట ఎర్రటి మట్టి, రాళ్లు, విరిగిన దూలం. మట్టి తోడేవాళ్లు లేక కాలవ నిండి, కొండ వాలు మొత్తం జారిపోయింది.

చేతులతో మట్టి లాగాను. లాగినంత కిందికి దిగింది. వెనక్కి పరిగెత్తి ఫోను హ్యాండిల్ తిప్పాను. తీగ గోడ వెంబడి రాళ్ల సందులో వేశాం, తెగలేదు. చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. తరువాత ఒక ఆడగొంతు, ఫోనుకి అలవాటు లేని గొంతు, దూరంగా పెట్టుకుని మాట్లాడుతున్నట్టు వినిపించింది. మేస్త్రీ భార్య. ఉయ్యాల మీంచి లేచి ఎత్తింది.

"నువ్వు బతికే ఉన్నావా నాయినా?"

నేను అరిచాను. అందరినీ గునపాలు పట్టుకుని రమ్మన్నాను. మగవాళ్లు అప్పటికే అక్కడికి పరిగెత్తారని, చేతుల్తో తోడుతున్నారని ఆమె చెప్పింది. చేతుల్తో ఎందుకన్నాను. రాలిన మన్ను ఎత్తితే తవ్వినట్టు కాదు, అంతవరకూ మేస్త్రీ ఒప్పుకున్నాడని అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెని, మేస్త్రీని, ఆ పండగని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె ఫోను పెట్టెయ్యలేదు. నేను అలిసిపోయేదాకా విని, నీళ్లు ఉన్నాయా అని అడిగింది. తాగడానికని ఆమె ఉద్దేశం. నేను కిందికి చూసుకున్నాను. చీలమండల దాకా ఉన్నాయి. నేను కూర్చునేది పల్లం. సొరంగం నోరు మూసుకుపోయాక నీళ్లు వెళ్లే దారి లేదు.

కౌంటరు టకటకమంటూనే ఉంది. నీళ్లు తగిలేలోపే తీగలు పీకి దాన్ని ఆపేశాను. అప్పుడొచ్చిన నిశ్శబ్దం భరించలేక మళ్లీ హ్యాండిల్ తిప్పాను. ఈసారి వెంటనే ఎత్తింది. ఫోను పక్కనే కూర్చున్నట్టుంది.

"అది సరే గాని, ఇన్నాల్లూ లోపల ఏటి సేత్తన్నావు బాబూ?" అంది.

నన్ను మాట్లాడిస్తోందని తెలుస్తూనే ఉంది. చెప్పాను. సూర్యుడిలోంచి ఒకటి వస్తుంది, కొండ అడ్డం పడదు, నా దగ్గరికి ఇప్పుడు కూడా వస్తోంది అన్నాను.

"సూరీడు కాడినుండి వస్తే మరి ఎలుగు నేదేటి?"

"అది వెలుగు కాదు. కనపడదు."

"కనపడదు, పట్టుకోనేవు. దాని కోసం ఈ గుంటలో కూకున్నావా?" నవ్వింది. "కొండలోంచి దూరీది తెలిస్తే ఆ మంతరం నువ్వూ నేర్చుకోవలసింది."

నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఏడుపైంది. నీళ్లు మోకాళ్లకి వచ్చాయని చెప్పాను. రిసీవరుని రెండు చేతులతోనూ పట్టుకున్నాను. అది వదిలితే ప్రపంచంలో నాకు ఇంకేమీ లేనట్టు ఉంది. పై రాయి నెత్తికి ఆనుకుని, కింది నుంచి నీళ్లు, మధ్యలో ఆ నల్ల రిసీవరు.

తరువాత అటువైపు జనం గొంతులు వినిపించాయి. షెడ్డులోకి వచ్చినట్టున్నారు. ఆమె ఫోను పెట్టెయ్యలేదు కాబట్టి అంతా విన్నాను. చేతులకి ఒక బండ అడ్డం తగిలింది. ఎంతమంది లాగినా కదలడం లేదు. గునపం వేసి పెల్లగిస్తే తప్ప కాదు. మేస్త్రీ మేనల్లుడు కాబోలు, పడుచు గొంతు, మావా మావా అని బతిమాలుతున్నాడు. మేస్త్రీ కసురుకోవడం లేదు. ఇనుము దించిన ఊళ్లలో ఏం జరిగిందో, వానలు ఎలా ఎగ్గొట్టాయో మెల్లగా చెబుతున్నాడు. ఆ మెల్లదనమే నన్ను చంపింది. కోపంగా ఉన్న మనిషితో దెబ్బలాడొచ్చు. ఈయన నిజంగా భయపడుతున్నాడు.

అప్పుడు ఆమె మాట్లాడింది. నాతో కాదు.

"తల్లి ముట్టులో ఉన్నాది, నిజమే. మన పెద్దోడు నూతిలో పడ్డ రోజు నానూ ముట్టులోనే ఉన్నాను. మూల కూకోకుండా తాడేసి లాగినాను. అప్పుడు ఆడిని ముట్టుకోవద్దన్నావేటి? ఏ మూడు రోజులైనా బిడ్డ ఏడిస్తే తల్లి ఎత్తుకుంటాది. ఆ సంగతి మీ మగోల్లకి తెల్దు. నాకు తెలుసు."

వాన చప్పుడు ఒక్కటే. తరువాత అడుగుల చప్పుడు దూరమైంది. నాకేమీ అర్థం కాలేదు. హలో హలో అంటూనే ఉన్నాను. కొంతసేపటికి రాతి మీద ఇనుము పడ్డ చప్పుడు ఫోనులో కాదు, నేరుగా కొండలోంచి వినిపించింది.

బండ పక్కన ఒక మనిషి దూరేంత సందు పడింది. మేనల్లుడు చెయ్యి చాపి నన్ను పాములా బయటికి లాగాడు. చెప్పులు లోపలే పోయాయి. కాలు కింద పెట్టబోతే మేస్త్రీ వద్దన్నాడు. ఆ మూడు రోజులూ ఉత్త కాళ్లతో నేల తొక్కకూడదట. ఆయన ముఖం నా వైపు లేదు. వంగి వీపు చూపించాడు. నేను ఆయన కంటే బరువు. షెడ్డు దాకా మోశాడు, వగరుస్తూ. మేస్త్రీ భార్య గునపం దిగిన చోట పసుపు నీళ్లు పోసి, మట్టికి చేతులు జోడించి ఏదో అంటూ ఉంది. అది ఒరియాలో. నాకు తెలియలేదు.

సాయంత్రం సారు వచ్చారు. నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ తరువాత పెట్టె సంగతి అడిగారు. లోపలే ఉంది, సందులోంచి పట్టదు అన్నాను. నీళ్లు గొట్టాల దాకా ఎక్కితే అంతా పోయినట్టే, ఏడాది పని, రాకెట్టు కూడా పోతుంది. ఆయనకి అది తెలుసు, నాకూ తెలుసు. సందుని ఇంకాస్త వెడల్పు చేస్తే చాలన్నారు. గోడకి ఆనించిన గునపం తీసుకున్నారు. మేస్త్రీ కొంచెం దూరంలో కూర్చుని చూస్తున్నాడు. లేవలేదు, అడ్డం చెప్పలేదు.

నేను మంచం మీంచి లేచి గునపం సారు చేతిలోంచి లాక్కున్నాను. అది నా కోసం తీశారు, పెట్టె కోసం కాదు అన్నాను. మతి పోయిందా అన్నారాయన. నేనూ అరిచాను. గురువుగారి మీద అలా అరవకూడదని తెలుసు. ఆయన అటు, నేను ఇటు, షెడ్డు మారుమోగిపోయింది. గునపం మాత్రం ఇవ్వలేదు. దాన్ని మంచం మీద పెట్టుకుని దాని మీదే పడుకున్నాను.

పెట్టె పండగ వెళ్లేదాకా నీళ్లలోనే ఉంది.