రెండో పక్కటెముక

ఉత్తర సరిహద్దులో మా పోస్టు చేరేసరికి మధ్యాహ్నం రెండూ ఇరవై. ఎత్తు పదహారు వేల అడుగులు. ఎండ ఉంది, వేడి లేదు. వీపున పద్దెనిమిది కిలోల సామాను. మేం ఎనిమిది మందిమి. అందులో నాతోపాటు తెలుగాయన ఒక్కరే, రేడియో చూసే హవల్దారు. ఆయనది రాజోలు, నాది అంబాజీపేట. అన్నయ్యా అని పిలిచేవాణ్ణి.

మూడో వారంలో పొడి దగ్గు పట్టుకుంది. నెల దాటినా వదల్లేదు. ఒక ఉదయం ఆరింటికి బూట్లు వేసుకుందామని వంగితే ఎడమ రొమ్ము పైభాగంలో కలుక్కుమంది. ఊపిరి తీస్తే పోటు. తడిమి చూస్తే రేగుపండంత వాపు. గుండెజబ్బుకి వాపు వస్తుందా? నాకు తెలియదు. బంకర్లో ఎవరికీ తెలియదు.

నర్సింగ్ అసిస్టెంట్ నాడి చూశాడు. ఆక్సిజన్ కొలిచాడు. "గుండె కావచ్చు. ఊపిరితిత్తుల్లో నీరు కావచ్చు. ఇక్కడ చెప్పలేను" అన్నాడు హిందీలో.

పోస్టు కమాండర్ పక్కకి పిలిచాడు. "భయమేస్తోందా? నిజం చెప్పు."

వేస్తోంది. భయం వల్ల నొప్పో, నొప్పి వల్ల భయమో తేల్చుకోలేకపోయాను. నన్ను కింది ఆసుపత్రికి పంపాలని కమాండర్ నిర్ణయించాడు.

"నేను దిగను అన్నయ్యా. ఉన్నదే ఎనిమిది మందిమి."

"ఉండేం చేస్తావురా? రైఫిలెత్తలేకపోతున్నావు. నీ కాపలా నే కాస్తాలే, వెళ్లు."

రేడియోలో కబురు పంపింది కూడా ఆయనే. "పేషెంట్ ఒకరు. ఛాతీ నొప్పి. నడవగలడు." పదకొండూ నలభైకి హెలికాప్టర్ వచ్చింది.

కింద ఆసుపత్రిలో ఈసీజీ బాగుంది. ఎక్స్‌రే బాగుంది. గుండెజబ్బు కాదన్నారు. మరేమిటి? నొప్పి అలాగే ఉంది. అబద్ధమాడి దిగొచ్చానా అని నాకే అనుమానం వచ్చింది. పదో రోజున పైనుంచి కబురు. మంచు తుఫానులో తన కాపలా, నా కాపలా కలిపి కాసిన అన్నయ్యకి కుడిచేతి వేళ్లు మూడు చచ్చుబడ్డాయి. తర్వాత వాటిని తీసేయాల్సి వచ్చింది.

సెలవు మీద ఇంటికొచ్చాను. అమలాపురంలో ఒక డాక్టరమ్మగారు బొటనవేలితో నొక్కారు.

"ఇక్కడేనాండీ?"

"ఆయ్, అక్కడేనండీ."

"పక్కటెముక వచ్చి రొమ్ము ఎముకని కలిసే చోట మెత్తటెముక ఉంటుందండీ. రెండో పక్కటెముక దగ్గర అది వాచింది. గుండెకీ దీనికీ సంబంధం లేదు. తగ్గిపోతుంది."

"ఎందుకొచ్చిందండీ?"

"దగ్గు వల్ల కావచ్చు, బరువుల వల్లా కావచ్చండీ. ఒక్కోసారి ఎందుకొస్తుందో మాకూ తెలీదు."

మూడు నెలలకి తగ్గింది. సర్వీసు ముగించుకుని వచ్చాక రాజోలు వెళ్లాను. అన్నయ్య ఎడమచేత్తో టీ గ్లాసు అందించారు.

"ప్రాణం మీదకొచ్చే జబ్బు కాదంట అన్నయ్యా, అది."

"మంచిదేగా."

"నేనుండుంటే..."

"ఉండుంటే నీ వేళ్లు పోయేవి. టీ తాగు."

నన్ను ఓదార్చారో, నిజమే చెప్పారో ఇప్పటికీ తెలియదు.

ఊళ్లో ఎవరైనా యుద్ధం గురించి అడిగితే నాకు కనిపించేది ఒకటే. హెలికాప్టర్ రెక్కల గాలి. నా కోటు జిప్పు ఇరుక్కుపోయింది. నొప్పికి చెయ్యి లేవడం లేదు. అన్నయ్య తన కుడిచేతి గ్లవ్ పళ్లతో లాగేసి, వట్టి చేత్తో ఆ జిప్పుని నా గెడ్డం దాకా ఎక్కించారు. ఎర్రగా కందిన ఐదు వేళ్లు.