లైన్‌లో లోపం లేదు

ఊళ్లో అందరూ అతన్ని "అతుకు" అనే పిలిచేవారు. తెగిన ఇంటర్నెట్ తీగల్లోని వెంట్రుకంత గాజుపోగులను ఒకదానికొకటి అతికించడం అతని పని. ఇరవై రెండేళ్లుగా నిచ్చెన భుజాన వేసుకుని తిరుగుతున్నవాడికి ఒకటే నమ్మకం: ఎక్కడ ఏది ఆగినా తప్పు తీగలోనే ఉంటుంది.

అక్క వేరే ఊళ్లో, మేడమీద ఒంటిగదిలో ఉండేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. నిరుడు ఆమె గుండె ఒకసారి మొరాయించింది. మళ్లీ ఆయాసం వస్తే నిమిషాల మీద ఆస్పత్రికి తీసుకురావాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. కింద వాటాలో ఉండే టైలరమ్మ దగ్గర ఒక తాళంచెవి, అతని ఫోనులో ఆవిడ నంబరు. చేసిన ఏర్పాటంతా అదే.

పొద్దుపోవడం లేదని అక్క గొణిగితే అతనే ఆమెకు ఆన్‌లైన్ ఆట నేర్పాడు. ఇద్దరు కూలీలు ఒకే తాడు నడుములకు కట్టుకుని, పెద్ద అద్దమొకటి చెరోవైపు పట్టుకుని విరిగిన వంతెనలు దాటించాలి. ఒకరు నిలబడిపోతే రెండోవారు అడుగు వెయ్యలేరు. ఇద్దరి తలలమీదా చెరో చుక్క. లైన్ బాగుంటే పచ్చన, చెడితే ఎర్రన.

ఆమె ఊరి లైన్ అసలే అంతంతమాత్రం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆడినంతసేపూ తెగుతూనే ఉండేది.

"ఊరందరి లైన్లూ బాగుచేస్తావు, తోడబుట్టినదాని లైన్ మాత్రం నీకు పట్టదురా."

"ఎక్స్ఛేంజిలో కూచుని జనాన్ని 'లైన్లో ఉండండి' అంటూ గంటలు గంటలు నిలబెట్టావు కదక్కా. వాళ్ల ఉసురే ఇది."

"నోరుమూసుకుని అద్దం ఎత్తు."

ఆట ఎప్పుడు బిగుసుకుపోయినా ఆమెది ఒకటే మాట: "ఆగిపోతోందిరా." అతనిదీ ఒకటే మాట: "కదలకు, నేను చూస్తా." ఆ ఊరి లైన్ ఆఫీసులో ఉన్న స్నేహితుడికి ఫోన్ కొట్టేవాడు. అతను అక్కణ్నుంచే ఏదో సర్దేవాడు. ఆట మళ్లీ నడిచేది.

ఆ ఆదివారం మూడో వంతెన మధ్యలో ఉన్నారు. అక్క గొంతు కాస్త లోతునుంచి వచ్చింది.

"చిన్నోడా... ఆగిపోతోందిరా."

"కదలకక్కా, నేను చూస్తా."

హెడ్‌ఫోను తీసి పక్కన పడేసి ఫోన్ అందుకున్నాడు.

"ఇక్కడ లైన్ బ్రహ్మాండంగా ఉంది గురూ," అన్నాడు స్నేహితుడు.

"మళ్లీ చూడు."

"రెండుసార్లు చూశానయ్యా. మీ అక్కగారి గదిలో నెట్ పెట్టె నాతో శుభ్రంగా మాట్లాడుతోంది."

"పెట్టె సంగతి నాకెందుకు? మనిషి కదలడం లేదిక్కడ!"

ఆ మాట అన్నది తనే, విన్నదీ తనే. అయినా అర్థం కాలేదు. ఆఫీసు ఎదురుగానే, అక్క వీధి చివరున్న స్తంభం మీద అతుకు చూడమని స్నేహితుణ్ని పురమాయించాడు. అతను వెళ్లి, ఎక్కి, చూసి, ఏమీ లేదని చెప్పేదాకా ఫోన్ చెవికి పెట్టుకునే కూర్చున్నాడు.

అప్పుడు తెర వైపు తిరిగాడు. అక్క కూలీ అద్దం అంచు పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఆటలో నిలబడ్డ బొమ్మలు ఊపిరి తీసుకుంటున్నట్టు ఛాతీ ఆడిస్తాయి. ఆ బొమ్మ ఊపిరి తీసుకుంటూనే ఉంది. తలమీద చుక్క పచ్చగా ఉంది. మొదటినుంచీ పచ్చగానే ఉంది.

టైలరమ్మకు ఫోన్ చేసేసరికి పదకొండు నిమిషాలు దాటాయి. ఆవిడ తలుపు తీస్తే అక్క కుర్చీలోనే ఉంది, చెవులకు హెడ్‌ఫోను అలాగే ఉంది. ఆస్పత్రిలో డాక్టరు "కాస్త ముందు తెచ్చుంటే..." అని, అతని ముఖం చూసి మిగతాది మింగేశాడు.

గది ఖాళీ చేసేనాడు ఆఖరున గోడమీది పెట్టె ఊడదీశాడు. తీసేముందు, చేతులకున్న అలవాటు, మీటరు పెట్టి చూశాడు. కనెక్షన్ తీసేసినట్టు పని చీటీ కూడా తనే రాశాడు.

"ఆ రోజు నీతో ఏమన్నా చెప్పిందా బాబూ?" టైలరమ్మ అడిగింది.

"చెప్పిందమ్మా."

చీటీలో కారణం రాయాల్సిన గడిలో "లైన్‌లో లోపం లేదు" అని రాసి సంతకం పెట్టాడు.

ఇప్పటికీ నిచ్చెన మోస్తూనే ఉన్నాడు. ఎవరైనా ఫోన్ చేసి "ఆగిపోతోందండీ" అంటే చాలు, "ఏంటండీ ఆగిపోతోంది?" అని అడుగుతాడు.

"ఇంకేముంటుందయ్యా, నెట్టే! నీకు బుర్ర పనిచేస్తోందా?"

ఆ తిట్టు విన్నాకే నిచ్చెన భుజానికెత్తుకుంటాడు.