నేను బిలాస్‌పూర్‌కు తాళం వేసిన ఉదయం

ఆ రోజుల్లో నాకు లోకంలోని పనులన్నీ రెండు రకాలుగా కనబడేవి: కంప్యూటరుకు అప్పజెప్పేసినవి, ఇంకా అప్పజెప్పనివి. (ఆ రోజుల్లో అంటే మరీ పురాతన కాలమేమీ కాదు. అప్పటికే అందరి చేతుల్లోనూ స్మార్ట్‌ఫోన్లున్నాయి. నా నెత్తిమీద మాత్రం ఇప్పటికంటే జుట్టు ఎక్కువ.) తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి హిందీ మాట్లాడే బిలాస్‌పూర్‌కు వచ్చి రైల్వేలో కుదురుకున్న కుటుంబం మాది. ఇంట్లో మగవాడన్నవాడు డ్యూటీకి రైల్వేకే వెళ్లాలన్నది మా నాన్న సిద్ధాంతం. నేను రైల్వే పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ ఆ సిద్ధాంతానికి న్యాయం చెయ్యలేక, వ్యాపార్ విహార్ అనే బజారులో ఒక చిన్న సాఫ్ట్‌వేరు కంపెనీలో చేరాను. కింద ఉల్లిపాయల హోల్‌సేలు దుకాణం, పైన మేము. సాయంత్రం ఇంటికి వెళితే మా అమ్మ నా చొక్కా వాసన చూసి, కంప్యూటరు ఉద్యోగమంటే ఏటో అనుకున్నాను అనేది.

లారీల వాళ్లకూ, గోదాముల వాళ్లకూ మా కంపెనీ ఒక ఏర్పాటు అమర్చి ఇచ్చేది. గేటు దగ్గరున్న మనిషి కంప్యూటర్లో లారీ నంబరు కొడితే గేటు పాసు అచ్చయి వస్తుంది, అది చూపిస్తే లారీ కదులుతుంది. ఆ వివరాలన్నీ ఉండేది క్లౌడ్‌లో, అంటే మేం ఎన్నడూ కళ్లతో చూడని ఎవరివో అద్దె కంప్యూటర్లలో. వాటి ముందు ఫైర్‌వాల్ అనే కాపలా ఉంటుంది. ఏ ఇంటర్నెట్ చిరునామా నుంచి వచ్చేవాళ్లను లోపలికి పంపాలి, ఎవరిని ఆపాలి అన్న జాబితా దాని దగ్గరుంటుంది. ఆ జాబితాను మా సీనియర్ ఒకావిడ చేత్తో సరిచేస్తూ ఉండేవారు. ఆవిణ్ణి అందరూ దీదీ అనేవాళ్లం. కొత్త గోదాము చేరిందంటే ఆవిడ వాళ్లకు ఫోన్ చేసి, వివరాలు కనుక్కుని, టీ తాగి, అప్పుడు ఒక వరుస చేర్చేవారు. ఈ టీ తాగడం నాకు నచ్చేది కాదు. అంత పెద్ద క్లౌడు, మధ్యలో ఈ టీ ఏమిటని.

అందుకని మూడు వారాలు కూర్చుని ఆ కాపలా అంతా దానంతటదే జరిగేలా ఒక ప్రోగ్రాము రాశాను. ఎవరైనా మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే ఆ చిరునామాకు దారి మూసేస్తుంది. అంతవరకైతే బాగానే ఉండేది. నా తెలివి అక్కడితో ఆగలేదు. ఒకే వీధి నుంచి, అంటే పక్కపక్కనుండే చిరునామాల వరుస నుంచి, అలాంటి దొంగలు ముగ్గురొస్తే, ఇక ఆ వీధంతా దొంగలదే అన్నమాట అని తీర్మానించి, వీధి మొత్తానికి తాళం వేసే ఏర్పాటు కూడా చేశాను. పైగా తాళం పడినప్పుడల్లా గోడమీది టీవీలో ఎర్ర గీత మెరిసి, ఆఫీసంతా వినబడేలా సైరన్ మోగుతుంది. (సైరన్ వల్ల భద్రత ఏమీ పెరగదు. కానీ అది లేకుండా నా గొప్పతనం పక్కగదిలోకి వినబడే మార్గం కనిపించలేదు.) దీదీ ఇంటి నుంచి పనిచేసుకోవడానికి జాబితాలో విడిగా ఒక దారి ఉండేది. అది అనవసరమని కొట్టేయబోతుంటే ఆవిడ, రోడ్డున పడ్డ రోజున తలుపు తియ్యడానికి లోపల ఎవరో ఒకరుండాలి కదా అని హిందీలో చల్లగా చెప్పి, దాన్ని అలాగే ఉంచేశారు. పెద్దవాళ్ల చాదస్తమని సరిపెట్టుకున్నాను.

ఏప్రిల్ నెలలో ఒక సోమవారం పొద్దున మా యజమాని, అంటే సర్‌జీ, ఈ ప్రతిభను చూపించడానికి మా కస్టమర్లలో ఊరి చివర తిఫ్రాలో పెద్ద గోదామున్న ఒక సేఠ్‌జీని పిలిచారు. దీదీ వాళ్ల పాపకు జ్వరమని సెలవులో ఉన్నారు. నేను కొత్త చొక్కాలో ఉన్నాను. సమోసాలు వచ్చాయి. సరిగ్గా నేను నోరు విప్పబోతుండగా ఫోన్ మోగింది. ఆ తిఫ్రా గోదాము గేటు దగ్గరుండే తెలుగాయన, నేను తాతగారని పిలిచే పెద్దాయన. మా నాన్న పనిచేసిన రైల్వే కేబిన్‌లోనే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరై, ఖాళీగా ఉండలేక ఆ గేటు డ్యూటీలో చేరినాయన. రోజూ కంప్యూటరు ముందు కూర్చునే గుమాస్తా పెళ్లికని ఊరెళ్లాడట, తనకి పాస్‌వర్డ్ తెలీదు, చెప్పమన్నారు. సేఠ్‌జీ ఎదురుగా ఉండగా ఆయన గేటు మనిషితో ఎక్కువసేపు మాట్లాడితే బాగుండదని, కిటికీ దగ్గరికి వెళ్లి గబగబా ఒక్కో అక్షరం చెప్పాను. ఆయన ఒక్కొక్కటీ తిరిగి అని, రాసుకున్నారు. పెట్టేసి వచ్చి, మనిషి ప్రమేయం లేని కాపలా గురించి ఉపన్యాసం మొదలెట్టాను.

పావుగంట కూడా కాలేదు, సైరన్ మోగింది. టీవీలో ఎర్ర గీత. నా ఆనందం చెప్పనలవి కాదు. పిలిచినట్టుగా ఎవడో దొంగ వచ్చి, నా కాపలాకు చిక్కి, తోక ముడిచాడు. సర్‌జీ చప్పట్లు కొట్టారు. సేఠ్‌జీ సమోసా పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉంచి, అచ్ఛా, ఇది నిజంగానే జరిగిందా అని అడిగారు. ఇలాంటివి రోజూ ఎన్నో అని అబద్ధమాడాను. ఇంతలో తాతగారు మళ్లీ ఫోన్ చేసి, లోపలికి వెళ్లనివ్వడం లేదు బాబూ అన్నారు. తెర వైపు చూడనైనా చూడకుండా, ఇంటర్నెట్ డబ్బా ఒకసారి ఆపి మళ్లీ వెలిగించండి తాతగారూ అనేశాను. మా వృత్తిలో తోచనప్పుడు చెప్పే మాట అదే. కాసేపటికి రెండో సైరన్. దొంగ వేరే చిరునామాతో వచ్చాడని, బహు మొండివాడని వ్యాఖ్యానించాను. తాతగారు మళ్లీ ఫోన్ చేశారు, మళ్లీ డబ్బా ఆపమన్నాను. మూడో సైరన్ మోగింది. టీవీ నిండా ఎరుపు వచ్చింది. వీధికి తాళం పడింది.

ఆ వీధి ఏదో అప్పుడు తెలిసింది. ఊళ్లోని మా కస్టమర్లు దాదాపు అందరూ ఒకే కంపెనీ ఇంటర్నెట్ వాడతారు. ఆ కంపెనీ డబ్బాను ఆపి వెలిగించినప్పుడల్లా కొత్త చిరునామా ఇస్తుంది, అయితే అన్నీ ఆ వీధిలోవే. మా ఆఫీసుకు వేరే లైనుండేది గానీ, కాలవ తవ్వుతూ దాన్ని ముందువారమే తెగ్గొట్టారు కాబట్టి మేమూ ఆ డబ్బా మీదే బతుకుతున్నాం. అంటే నేను బిలాస్‌పూర్‌కంతటికీ తాళం వేసి, తాళంచెవి లోపల పెట్టి, కొత్త చొక్కాతో బయట నిలబడ్డాను. ఫోన్లు మొదలయ్యాయి. సిర్గిట్టిలో లారీలు కదలడం లేదని ఒకరు, వ్యాపార్ విహార్‌లో లారీలు రోడ్డు మీదికి వచ్చేశాయని ఒకరు. కింద ఉల్లిపాయల దుకాణమాయన మెట్లెక్కి వచ్చి మరీ అడిగాడు. సేఠ్‌జీ చేతి రుమాలుతో మూతి తుడుచుకుని, తన గోదాములో ఏం జరుగుతోందో చూసుకోవాలంటూ లేచి కారెక్కారు. సర్‌జీ ఆయన్ని కారు దాకా సాగనంపి వచ్చి, మిగిలిన సమోసాలకు మూత పెట్టారు. ఆయన తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

దీదీకి ఫోన్ చేశాను. వెనకాల పాప దగ్గు వినిపిస్తోంది. ఆవిడ ఇంట్లో ఇంటర్నెట్ వేరే కంపెనీది, పైగా నేను చాదస్తమనుకున్న ఆ దారి అలాగే ఉంది. అటునుంచి లోపలికి వెళ్లి నిమిషాల్లో తాళం తీసేశారు. తర్వాత, దొంగ వాడిన పేరేమిటో నువ్వు చూశావా అని అడిగారు. చూడలేదు. అంతా దానంతటదే జరిగేటప్పుడు చూడాల్సిన అవసరమేముంది. మూడుసార్లూ ఒకే పేరుతో వచ్చారు, అది తిఫ్రా గేటు, వెళ్లి ఆ మనిషితో మాట్లాడి రా అన్నారు. నా స్కూటరు తిఫ్రా దారి పట్టింది. ఎండ మండిపోతోంది. దారంతా నేను తయారు చేసుకున్న సంజాయిషీ ఏమిటంటే, గేటు మనిషికి కంప్యూటరు రాకపోవడం వల్ల ఇదంతా జరిగిందని.

గేటు దగ్గర ఒక వ్యాను ఆగి ఉంది. దాని నిండా ఒక్కరోజు వయసున్న కోడిపిల్లలు, బెజ్జాలున్న అట్టపెట్టెల్లో. అంబికాపూర్ వైపు వెళ్లాలట. పాసు లేక పొద్దుటినుంచీ ఆగిపోయాయి. తాతగారు డ్రైవరు చేత పెట్టెలన్నీ షెడ్డు నీడకు దింపించి, తడిపిన గోనెపట్టాలు చుట్టూ కట్టి, మూతలు తీసి, చిన్న చిన్న మూకుళ్లలో నీళ్లు పెడుతున్నారు. ఆ కిచకిచల మధ్య నేను వెళ్లి నిలబడేసరికి, ‘‘వొచ్చినావా బాబూ. కూకో. ఈ పెట్టెకి కూడా నీల్లు పెట్టీసి వొస్తాను,’’ అన్నారు. ఆ ముసలాయన మీద నేరం మోపడానికి వచ్చినవాడికి ఆయన కుర్చీ వేశారు. పాస్‌వర్డ్ రాసుకున్న కాయితం చూపించమని అడిగాను. చొక్కా జేబులోంచి తీసి ఇచ్చారు. ఇంగ్లీషు అక్షరాలు రైల్వే వాళ్ల రాత, ముత్యాల్లా ఉన్నాయి. కానీ నేను చెప్పింది ఆరు అక్షరాలు. అక్కడ పన్నెండున్నాయి.

‘‘ఇవేటి తాతగారూ, ఒకటి విడిచి ఒకటి ఓ అని రాశారు?’’

‘‘నువ్వు సెప్పినట్టే రాసినాను గదా. టీ అన్నావు. టీయేనా అన్నాను. ఓ అన్నావు. ఐ అన్నావు. ఐయేనా అన్నాను. మల్లీ ఓ అన్నావు. ఇన్ని ఓలు ఏటి సెప్మా అనుకున్నాను. కంపూటరు భాష గదా, ఉంటాయేమోలే అని రాసీసినాను.’’

మా ఇంట్లో పిలిచినా, అడిగినా ‘ఓ’ అని పలకడం అలవాటు. మా నానమ్మ దగ్గర వచ్చిన అలవాటది. ఔనన్నా ఓ, విన్నానన్నా ఓ. ఆయన అడిగిన ప్రతి అక్షరానికీ నేను, కన్ను సేఠ్‌జీ మీద ఉంచి, ఓ అంటూ పోయాను. ఆయన రైల్వేలో మాట విని పట్టాలు మార్చిన మనిషి. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే ఆయన ఉద్యోగమంతా. తొమ్మిదిసార్లు ఓపికగా ఆ పన్నెండు అక్షరాలూ కొట్టారు. నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్లు చెమర్చాయి. (ఎండకని చెప్పుకున్నాను.)

అప్పుడే సేఠ్‌జీ గోదాము లోపల్నుంచి వచ్చారు. దొంగ దొరికాడా అని అడిగారు. తిఫ్రా గేటు నుంచేనని సర్‌జీ ఫోన్లో చెప్పారట. గేటు దగ్గర కంప్యూటరు తెలిసిన కుర్రాణ్ణి పెట్టాలని ఆయన ఎప్పటినుంచో అనుకుంటున్నారని నాకు తెలుసు, తాతగారికి ఇంకా బాగా తెలుసు. నేను నోరు తెరిచేలోపే తాతగారు నా చేతిలోని కాయితం మెల్లిగా తీసుకుని, మడిచి జేబులో పెట్టేసుకున్నారు. హిందీలో, తప్పు నాదే సేఠ్‌జీ, సరిగా వినలేకపోయాను, చెవి మందగించింది అన్నారు. తర్వాత నాకు మాత్రమే వినబడేలా తెలుగులో, ‘‘నీది కొత్త ఉద్యోగం. నాదేటి, అయిపోయిన బండి,’’ అన్నారు.

దారంతా నేను కట్టుకున్న సంజాయిషీని ఆయనే నాకు అచ్చంగా అప్పగించేశారు. ఊరుకుంటే సరిపోయేది. ఒక్క క్షణం ఊరుకున్నాను కూడా, అది ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు పెట్టెలోంచి ఒక పిల్ల తప్పించుకుని వచ్చి సేఠ్‌జీ బూటు మీదెక్కింది. ఆయన వంగి దాన్ని జాగ్రత్తగా అరచేతిలోకి తీసుకున్నారు. ఆ మనిషితో నిజం చెప్పొచ్చు అనిపించింది. కాయితం మళ్లీ తాతగారి జేబులోంచి నేనే తీసి, విప్పి, ఓ కథంతా చెప్పాను. తాతగారి చెవులు బాగానే ఉన్నాయని, నా నోరే బాగాలేదని, దొంగలెవరూ రాలేదని, రోజూ రారని కూడా చెప్పాను. సేఠ్‌జీ ఖాళీగా ఉన్న చేతి వేలితో కాయితం మీది ఓలన్నీ లెక్కపెట్టారు. తర్వాత నవ్వు ఆపుకోలేక, కోడిపిల్లను తాతగారికి అందించి, కుర్చీలో కూలబడ్డారు. నవ్వయ్యాక మాత్రం సూటిగా అడిగారు. నీ యంత్రం మళ్లీ ఇలా చెయ్యదని చెప్పగలవా అని. నాకు తెలీదు సేఠ్‌జీ, చూసుకుని చెప్తాను అన్నాను.

ఈసారి తాతగారు పాస్‌వర్డ్ ఆరే అక్షరాలు కొట్టారు, పాసు అచ్చయి వచ్చింది. పిల్లలు అంబికాపూర్ వెళ్లాయి. రెండో మూడో చనిపోయాయని డ్రైవరు తర్వాత చెప్పాడు. అది నా మనసులోంచి పోలేదు. తాతగారు ఆ గేటు దగ్గరే మరికొన్నేళ్లు చేశారు. నేను దీదీ పక్కన కూర్చుని, టీ తాగుతూ, ప్రోగ్రామునంతా తిరగరాశాను. ఇప్పుడది ఎవరి దారీ గుట్టుగా మూయదు. ముందు ఒక మనిషికి చెప్తుంది, ఆ మనిషి అవతలి మనిషికి ఫోన్ చేస్తాడు. సైరన్ తీసేశాను.

ఈ మధ్య పెద్ద ఊళ్లో పెద్ద కంపెనీలో ఈ పనే చేస్తున్నాను. ఎదుటివాళ్లు ఏదైనా అడిగితే రోజుకు నాలుగైదుసార్లు, నాకు తెలీదు, చూసుకుని చెప్తాను అంటాను. దానికే జీతమిస్తున్నారనిపిస్తుంది. ఇప్పుడది ఎంత సులువుగా వస్తుందో. తిఫ్రాలో ఆ షెడ్డు కింద మొదటిసారి అన్నప్పుడు మాత్రం, ఆ నాలుగు మాటలకీ ఆ కొత్త చొక్కా వీపంతా తడిసిపోయింది. పాపం, కుర్రాడు.